వరుసలో ఆఖరిది

పాపకి ఏడో నెల రాగానే నేను మళ్ళీ పనిలో చేరాను. చేరానంటే ఆఫీసుకి వెళ్ళానని కాదు. ఆఫీసు భువనేశ్వర్లో, మేముండేది బరంపురంలో. కాన్పు సెలవు తర్వాత కొన్నాళ్ళు ఇంటి నుంచే చెయ్యండి, ఆ తర్వాత సంగతి తర్వాత చూద్దాం అన్నారు ఫోన్లో. ఆ తర్వాత సంగతి ఏమిటని నేను అడగలేదు. అడిగితే అప్పటికప్పుడే తేల్చేస్తారేమోనని భయం.

నా పని టెస్టింగ్. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాము ఎక్కడ తప్పటడుగు వేస్తుందో వెతకటం. మా టీముకి లీడ్ చికిటి ఊరి నుంచి వచ్చిన ఒక తెలుగబ్బాయి. నాకన్నా వెనక చేరినవాడు. తప్పు కనబడితే దాన్ని అవతలివాళ్ళకి అర్థమయ్యేలా ఎలా రాయాలో మొదట్లో నేనే పక్కన కూర్చుని చూపించాను. నేను సెలవులో ఉండగా అతన్ని లీడ్ చేశారు. మంచివాడే. లీడ్ అయ్యాక కూడా నన్ను అక్కా అనే పిలిచాడు. కాకపోతే మునుపు "ఇది సరిగ్గా ఉందేటక్కా" అని అడిగేవాడు, ఇప్పుడు "ఇది ఎప్పటికవుతాదక్కా" అని అడుగుతున్నాడు.

అతను నాకు పరీక్షించమని ఇచ్చింది ఒక క్యూ. రక్తపరీక్షలు చేసే ఒక లాబు కోసం మా కంపెనీ ప్రోగ్రాము రాసింది. ఆ లాబుకి కొన్ని ఊళ్ళలో సెంటర్లున్నాయి. ఏ సెంటర్లో రిపోర్టు తయారైనా అది వచ్చి ఒకే వరుసలో నిలబడాలి. అటునుంచి దాన్ని తీసుకుని డాక్టరు ఫోనుకి పంపించే భాగం ఇంకొకటి ఉంటుంది. పెట్టేవాళ్ళు కొందరు, తీసుకునేవాళ్ళు కొందరు, అందరూ ఒకే వేళకి చేతులు పెడుతుంటారు. వీళ్ళు మనుషులు కాదు, ప్రోగ్రాములోనే ఎవరి పని వాళ్ళు చేసుకుపోయే భాగాలు. థ్రెడ్లంటాం. ఎన్ని థ్రెడ్లు ఒకేసారి మీద పడ్డా ఒక్క రిపోర్టు కూడా పోకూడదు, ఏదీ రెండుసార్లు వెళ్ళకూడదు, ఏదీ లోపల చిక్కుకుని ఉండిపోకూడదు. అలా ఉంటే ఆ క్యూ థ్రెడ్‌సేఫ్ అన్నమాట. అలా ఉందని నేను పరీక్షించి పాస్ అని రాస్తే దాన్ని లాబుకి అప్పజెబుతారు.

నిజానికి జావాలో అలాంటి క్యూలు తయారుగానే దొరుకుతాయి. ఇది మాత్రం కంపెనీ పెట్టిన కొత్తలో పనిచేసి వెళ్ళిపోయిన ఒకాయన సొంతంగా రాసుకున్నది. ఇన్నేళ్ళూ వేరే ప్రోగ్రాముల్లో నడిచింది కాబట్టి దాన్ని ఎవరూ కదపరు. ఆయన ఎవరో నాకు తెలీదు. ఆయన రాసినదాన్ని మాత్రం పాపకి పాలిస్తూ ఒళ్ళో పెట్టుకుని చదివాను. శుభ్రంగా ఉంది. ఎక్కడా తొందరపడినట్టు లేదు.

దీన్ని మామూలు పనిలాగా తీసుకోలేకపోయాను. పాప పుట్టిన కొద్దిరోజులకే కామెర్లొచ్చి పచ్చబడింది. నర్సింగ్ హోములో మడమ దగ్గర పొడిచి రక్తం తీసి బయట ఒక చోటికి పరీక్షకి పంపించారు. సాయంత్రానికి వస్తుందన్నారు. సాయంత్రం దాటింది. డాక్టరుగారు రిపోర్టు రాగానే ఫోన్ చెయ్యమని చెప్పి ఇంటికి వెళ్ళిపోయారు. మా ఆయన వెళ్ళి అడిగితే ఎప్పుడో ఇచ్చేశామన్నారు. ఇక్కడ అడిగితే రాలేదన్నారు. ఇచ్చేశామన్నవాళ్ళు అబద్ధం చెప్పలేదు, రాలేదన్నవాళ్ళూ అబద్ధం చెప్పలేదు. ఇచ్చినది ఎక్కడో మధ్యలో ఉంది. అది దొరికి, పాపని నీలం లైటు కింద పడుకోబెట్టేసరికి చాలా పొద్దుపోయింది. ఏమీ కాలేదు. పసుపు దిగిపోయింది, ఇంటికొచ్చాం. అందరూ ఏమీ కాలేదు కదా అంటారు, నేనూ అంటాను. అయినా పొద్దున్నే పాపని వీధి అరుగు మీదికి తీసుకెళ్ళి వెలుతురులో కళ్ళు చూడటం నేను ఇప్పటికీ మానలేదు.

నా పరీక్ష పెద్ద విచిత్రమైనదేమీ కాదు. పెట్టే థ్రెడ్లు కొన్ని, తీసుకునే థ్రెడ్లు కొన్ని పెట్టి, ఉత్తుత్తి రిపోర్టులు వరుసలోకి తోస్తాను. అన్నీ అయ్యాక పెట్టినవెన్ని, బయటికొచ్చినవెన్ని అని సరిచూస్తాను. ఒకసారి సరిపోతే లాభం లేదు. మళ్ళీ మళ్ళీ తిప్పాలి. థ్రెడ్ల తప్పు అడిగినప్పుడు కనబడదు. అందుకని దాన్ని తిరగనిచ్చి పాప గుడ్డలు ఆరేసుకునేదాన్ని, అన్నం వార్చుకునేదాన్ని, మధ్యమధ్య వచ్చి తెర చూసుకునేదాన్ని.

మా అత్తమ్మకి ఈ రాకపోకలు నవ్వుగా ఉండేవి. ఆవిడ సోంపేట వైపు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చారు. ఇన్నేళ్ళు ఒడియావాళ్ళ మధ్య ఉన్నా మాట మారలేదు.

"పిల్ల ఏడిస్తే నడిసొస్తావు, ఆ పెట్టె ఆగితే పరిగెడతావేటమ్మా. దాన్ని కూడా ఉయ్యాల్లో ఎట్టీ, ఇద్దర్నీ నానే ఊపుతాను," అనేవారు.

నేను నవ్వేదాన్ని. లోపల మాత్రం గుచ్చుకునేది.

చాలా రోజులు అన్నీ సరిపోయాయి. ఒకరోజు మధ్యాహ్నం వచ్చి చూస్తే పరీక్ష ఆగి ఉంది. తప్పని చూపించలేదు, ఒప్పని చూపించలేదు. ఊరికే ఆగి ఉంది. లోపల చూస్తే పెట్టాల్సినవన్నీ పెట్టేశారు. వరుసలో ఒక్కటి మిగిలి ఉంది. దాన్ని తీసుకోవాల్సిన థ్రెడ్ నిద్రపోతోంది. వరుస ఖాళీగా ఉంటే నిద్రపోవటం దాని పనే. ఏదైనా వస్తే పెట్టినవాడు లేపుతాడు. కానీ ఇక్కడ వరుస ఖాళీగా లేదు. ఎదురుగా రిపోర్టు ఉండగా అది పడుకుని ఉంది.

మళ్ళీ తిప్పితే బాగానే నడిచింది. రెండు మూడు రోజుల తర్వాత మళ్ళీ ఆగింది. అప్పుడూ మిగిలింది ఒక్కటే, అప్పుడూ అది ఆఖరిదే. ఎందుకో ఊహించటానికి తెలివేమీ అక్కర్లేదు. మధ్యలోది చిక్కుకుంటే దాని వెనక వచ్చేది లేపుతుంది, రెండూ కలిసి వెళ్ళిపోతాయి, ఎవరికీ తెలీదు. వెనక ఏమీ లేనిది మాత్రమే ఉండిపోతుంది. ఇంకొక సంగతి కూడా గమనించాను. తీసుకునేవాళ్ళు ఎక్కువమంది ఉంటే ఒకడు పడుకున్నా ఇంకొకడు చూస్తాడు. ఒక్కడే ఉన్నప్పుడే ఇలా అవుతోంది. లాబులో పగలు తీసుకునే థ్రెడ్లు చాలా ఉంటాయి. రాత్రి పని తక్కువని ఒక్కటే ఉంచుతారు.

అంటే రాత్రి ఆఖరున వచ్చిన రిపోర్టు, తెల్లారి మొదటి రిపోర్టు వచ్చి తోసేదాకా, అక్కడే.

ఇది తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

లీడ్‌కి రాశాను. అతను తన దగ్గర తిప్పి చూశాడు, ఆగలేదు. ఇంకో ఇద్దరితో తిప్పించాడు, ఆగలేదు. నా లాప్‌టాప్ పాతదని, అందులోనే ఏదో ఉందని అన్నాడు. నేనూ కొన్నాళ్ళు అదే అనుకున్నాను. నిజం చెప్పాలంటే అదే అయితే బాగుండునని అనుకున్నాను.

ఏ థ్రెడ్ ఎక్కడుందో తెలుసుకుందామని ప్రోగ్రాములో అక్కడక్కడ చిన్న చిన్న వాక్యాలు చేర్చాను, ఇక్కడికొచ్చాను, ఇది చూశాను అని రాస్తూ పోయేలా. అవి చేర్చిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. తీసేస్తే కొన్నాళ్ళకి మళ్ళీ ఆగింది. చూడటానికి పెట్టిన ఆ వాక్యాల వల్లే థ్రెడ్ల నడక మారిపోతోంది. పాప నిద్రలో ఊపిరి తీస్తోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెడతాను. వేలు తగలగానే కదులుతుంది, మొహం చిట్లించుకుంటుంది. నేను చూడక ముందు ఎలా ఉందో నాకు తెలియకుండానే పోతుంది. ఇదీ అలాగే ఉంది.

ఎండలు ముదిరాక మా వీధిలో కరెంటు లైను ఎక్కువగా పోయేది. మధ్యాహ్నం ఫాను ఆగిపోగానే పాప లేచేది. దాన్ని ఎత్తుకుని తాటాకు విసనకర్రతో విసురుతూ తిరుగుతుంటే, ఒకరోజు తెర మీద పరీక్ష ఆగి ఉంది. కిందటిసారి ఆగినప్పుడు కూడా చెమటతో పాపని ఎత్తుకునే ఉన్నానని గుర్తొచ్చింది. అంతకు ముందుసారి కూడా. లైను పోతే లాప్‌టాప్ బాటరీ మీదికి పోతుంది. బాటరీ మీద ఉన్నప్పుడు అది తన బలాన్ని దాచుకుని నెమ్మదిగా నడుస్తుంది. థ్రెడ్ల మధ్య ఎక్కడో ఉన్న సందు ఆ నెమ్మదిలో వెడల్పవుతోంది. లైను వచ్చాక నేనే ప్లగ్గు పీకి చూశాను. మూడోసారికో నాలుగోసారికో ఆగింది.

లీడ్‌కి ఫోన్ చేసి చెప్పాను.

"మా దగ్గర పొద్దుట్నుంచి తిరుగుతోందక్కా. ఒక్కసారి ఆగనేదు," అన్నాడు.

"లైను పోయినప్పుడు ఆగుతోంది."

నవ్వాడు. "అయితే అది బరంపురం కరెంటోళ్ళకి రాయాలక్కా, మనకి కాదు."

నాకూ నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నా మీద నాకే అసహ్యంగా అనిపించింది. అప్పజెప్పే రోజు దగ్గరకొస్తోందని, నేను పాస్ రాయటం ఒక్కటే మిగిలిందని అదే ఫోన్లో చెప్పాడు.

సందు ఎక్కడుందో చూపించగలిగితే తప్ప ఎవరూ నమ్మరు. అది ఎక్కడుందో నాకు ఉప్పు దగ్గర తెలిసింది.

మా ఇంట్లో ఉప్పు చేతికివ్వరు. చాలా ఇళ్ళల్లో ఇవ్వరనుకుంటాను. చేతికిస్తే ఇద్దరికీ పడదంటారు. ఇచ్చేవాళ్ళు కింద పెట్టాలి, పుచ్చుకునేవాళ్ళు కిందనుంచి తీసుకోవాలి. మా అత్తమ్మకి ఇది మరీ పట్టింపు. గల్లుప్పు జాడీ ఆవిడ గదిలో ఉంటుంది. వంటింట్లో డబ్బా అయిపోతే ఆవిడ గిన్నెలో పోసి తెచ్చి వంటింటి గుమ్మం పక్కన పెట్టి, పెట్టీసినాను అని ఒక మాట వేసి వెళ్ళిపోతారు. అప్పుడు నేను తీసుకోవాలి.

ఆరోజు పప్పు ఉడికింది, ఉప్పు లేదు. ఆవిడకి చెప్పి, కాసేపాగి గుమ్మం వైపు చూశాను. ఇంకా తేలేదు. సరే, పిలుస్తారు కదా అని పొయ్యి వైపు తిరుగుతుంటే గదిలో పాప గట్టిగా ఏడ్చింది. దాన్ని ఎత్తుకొచ్చి చంకనేసుకుని గుమ్మానికి వీపు పెట్టి పప్పు కలుపుతూ నిలబడ్డాను. ఆవిడ పిలవలేదు. పప్పు చిక్కబడింది, అడుగు మాడింది. చివరికి విసుగొచ్చి ఆవిడ గదికి వెళ్ళాను.

"అత్తమ్మా, ఉప్పడిగి ఎంతసేపయింది?"

"నీ కాళ్ళెనకాలే ఉంది కదేటమ్మా. పెట్టీసినానని సెప్పినాను."

"నాకు వినబడలేదు."

"ఇనబడకపోతే? గుమ్మం కాడ ఉప్పు లేసొచ్చి నీ కొంగు లాగుతాదేటి?"

నేను చూసినప్పుడు ఉప్పు లేదు. ఆవిడ పిలిచినప్పుడు నేను వినేలా లేను. చూడటానికీ, ఇక పిలుపు కోసం ఎదురుచూద్దామని నిలబడటానికీ మధ్య పాప ఏడిచినంత సేపే. ఆ కాసేపట్లో ఆవిడ వచ్చి, పెట్టి, పిలిచి, వెళ్ళిపోయారు. ఆ తర్వాత నేను ఎంతసేపు నిలబడినా ఇంకో పిలుపు రాదు. ఆవిడ దృష్టిలో పని అయిపోయింది.

ఇది కాలేజీలో చదివిన సంగతే. పరీక్షలో రాసిన సంగతే. వరుస ఖాళీగా ఉందా అని చూడటం, నిద్రపోవటం, ఈ రెండూ ఒకే తాళం లోపల జరగాలి. రెంటి మధ్యా ఇంకొకరు దూరకూడదు. ఆ క్యూ రాసిన పెద్దమనిషి చూడటాన్ని తాళం బయట పెట్టి నిద్రని లోపల పెట్టాడు. శుభ్రంగా రాశాడు కాబట్టి నేను అన్నిసార్లు చదివినా కళ్ళు దాని మీదనుంచి జారిపోయాయి.

మాడిన పప్పే అందరం తిన్నాం. మా ఆయన రంభ రైల్వే స్టేషన్లో పనిచేస్తారు. డ్యూటీ దిగి వచ్చి తిని, ఏమిటీ వాసన అని అడిగారు. మీ అత్తాకోడళ్ళు మాట్లాడుకోరేమిటి అని కూడా అన్నారు.

నేను కొత్త పరీక్ష రాశాను. చూడటానికీ నిద్రకీ మధ్య ఒక చిన్న ఆగుడు పెట్టాను. తీసుకునే థ్రెడ్ వరుస చూసి, ఖాళీ అనుకుని, ఒక్క క్షణం ఆగి అప్పుడు పడుకుంటుంది. ఆ క్షణంలో పెట్టే థ్రెడ్ ఆఖరి రిపోర్టు పెట్టి పిలిచి వెళ్ళిపోతుంది. ఇప్పుడు లైనుతో పని లేదు. ఎవరి కంప్యూటర్లో తిప్పినా, ఎన్నిసార్లు తిప్పినా ఆగుతుంది. పంపించాను. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాను.

మర్నాడు అతను ఫోన్ చేశాడు.

"అక్కా, మధ్యలో మీరే ఆగమని ఎట్టీసి, ఆగిపోయిందంటే ఎలాగ? నడిసే బండి సక్రంలో కర్రెట్టి బండి బాగులేదన్నట్టుంది."

"కర్ర పట్టే సందుంది కాబట్టే కదా పెట్టాను. సందు లేకపోతే ఎక్కడ పెడతాను?"

"సరే, సందుంది. ఒప్పుకున్నాను. ఎంతక్కా అది? కన్ను మూసి తెరిసినంత కూడా నేదు. అందులో పడినా ఏటవుతాది? ఎనకాల ఇంకొకటి వస్తాది. దాంతో ఇదీ ఎలిపోతాది."

"వెనకాల ఏదీ రాకపోతే?"

"రాకుండా ఎక్కడికెల్తాది?"

"ఆ రాత్రికి అదే ఆఖరిదైతే?"

"అయితే పొద్దున్నెల్తాది," అన్నాడు.

ఎనకాల ఇంకొకటి వస్తాది అన్న మాట నాకు కొత్త కాదు. ఈ పాపకి ముందు నాకొక బిడ్డ కడుపులోనే పోయింది. అయిదో నెల దాటాక. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ నా మంచం పక్కన కూర్చుని అదే అన్నారు, వెనకాల ఇంకొకటి వస్తుందమ్మా అని. మా అమ్మ అంది. మా అత్తమ్మ నా తల నిమురుతూ అన్నారు. ప్రేమతోనే అన్నారు. వచ్చింది కూడా. వచ్చినది ఉయ్యాల్లో కాళ్ళు తన్నుకుంటోంది. అయినా ముందు పోయినది దీంతో కలిసి వెళ్ళిపోలేదు. అక్కడే ఉంది.

ఒక ప్రోగ్రాము తప్పుకీ దీనికీ సంబంధం లేదని నాకు తెలుసు. అతనికి ఈ సంగతి తెలీదు కూడా. కానీ ఆ తర్వాత నేను మాట్లాడిన తీరు మాత్రం మామూలుగా లేదు. ఆ ఆఖరి రిపోర్టు పసిపిల్లదైతే, పసుపు మెదడుకెక్కేదైతే, తెల్లారేదాకా ఆగుతుందా అని అడిగాను. నా గొంతు పైకి లేచిందని గదిలోంచి అత్తమ్మ తొంగి చూసినప్పుడు తెలిసింది.

అతను తగ్గి మాట్లాడాడు. "మీ మాట తప్పని నాను అన్ననేదక్కా. తాళం సరిసేస్తే ఈ క్యూ వాడే ప్రోగ్రాములన్నీ మళ్ళీ పరీక్షించాలంట. పైవోళ్ళు ఒప్పుకోరు. అసలే ఇంట్లో కూకున్నోళ్ళ వల్ల పని సాగతాందంటన్నారు. ఈ శుక్రవారానికి మీరు పాస్ రాసేస్తే, మీ సంగతి నాను మాటాడతాను."

బెదిరించలేదు. నా మేలు కోరే చెప్పాడు. అది బెదిరింపుకన్నా కష్టంగా ఉంది.

శుక్రవారం వరకూ ఇంట్లో ఈ మాటే నడిచింది. మా ఆయన రాసెయ్యమన్నారు. ప్రోగ్రాము రాసింది నువ్వు కాదు, అమ్మేది నువ్వు కాదు, మధ్యలో నీకెందుకన్నారు. పాపకి జలుబు చేసి రాత్రుళ్ళు ఏడుస్తోంది, నువ్వు నిద్రలేక సగమయ్యావు, ఈ ఉద్యోగం పోతే మళ్ళీ ఇంటి నుంచి చేసేది ఎక్కడ దొరుకుతుందని కూడా అన్నారు. అన్నీ నిజాలే. దొరకదని నాకూ తెలుసు. చమఖండి నుంచి ఎండుచేపలు తెచ్చే ఆవిడ అరుగు మీద బుట్ట దింపితే, మా అత్తమ్మ, మా కోడలు ఏదో రాయనంటందంట, రాయమంటన్నారంట అని ఆవిడకి చెప్తూ కనిపించారు. ఏటి రాయాలంట అని ఆవిడ అడిగింది. అదే నాకూ తెలవదు, బాగుంటే బాగుందని రాయాలంట, బాగోనేదంట అన్నారు. మరి బాగోనేనిది బాగుందని ఎలా రాస్తాదని ఆవిడ అడిగి, చేపలు బేరమాడటంలో పడిపోయింది.

నేను ఫెయిల్ అని రాశాను. గట్టిగా నిలబడ్డానని చెప్పుకోవటానికి లేదు. పంపించాక వెనక్కి తీసుకుందామా అని కూడా చూశాను. పాస్ అని రాయటానికి చెయ్యి రాలేదు, అంతే.

సోమవారం అతను ఒక దారి వెతికి చెప్పాడు. తాళం జోలికి పోరు. నిద్రపోయే థ్రెడ్ మరీ ఎప్పటికీ పడుకుని ఉండిపోకుండా, ఎవరూ పిలవకపోయినా ఒక నిమిషానికోసారి దానంతటదే లేచి వరుస చూసుకునేలా చేస్తారు. చిక్కుకున్న ఆఖరి రిపోర్టు మహా అయితే నిమిషం ఆలస్యంగా వెళ్తుంది. సందు అలాగే ఉంటుంది. నేను ఒక సెకను పెట్టమన్నాను. సర్వరు మీద బరువు పడుతుందన్నాడు. కాదు, అంత బరువేమీ పడదని లెక్క చెప్పాను. "నిమిషం పెట్టించడానికే నా తల ప్రాణం తోకకొచ్చిందక్కా," అన్నాడు. అది నిజమేనని గొంతు చెప్పింది. అతను నాకోసం ఎవరితోనో మాటపడ్డాడు.

నిమిషంతో మళ్ళీ పరీక్షించాను. ఆగింది, నిమిషానికి లేచింది, ఆఖరిది తీసుకుంది, పంపించింది. పెట్టినవెన్నో వచ్చినవీ అన్నే. పాస్ అని రాశాను. నేను మొదట రాసిన తప్పు పక్కన వాళ్ళు తప్పు కాదు అని మార్చి మూసేశారు.

వానలు మొదలైన కొత్తలో ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఇంటి నుంచి చేసే వీలు ఇక ఎవరికీ లేదని, వచ్చే నెల నుంచి భువనేశ్వర్ రావాలని చెప్పారు. ఫోన్ చేసిన అమ్మాయి గొంతు కొత్తది, నా పేరు చూసి చదువుతోంది. రాలేనన్నాను. పాప చిన్నదన్నాను. అయితే లాప్‌టాప్ పంపించెయ్యండి అంది. ఫెయిల్ రాసినందుకే ఇలా అయిందో, ఎలాగూ ఇలాగే అయ్యేదో నాకు తెలీదు. మా ఆయన నిన్ను అననులే అన్నారు. అనకపోయినా నాకు వినబడింది.

పంపించే ముందు ఒకసారి తెరిచాను. ఆగుడు పెట్టి రాసిన నా పరీక్షని ఎవరూ తుడిచెయ్యలేదు. దాని నెత్తిమీద ఒక్క మాట చేర్చారు. ఆ మాట ఉంటే మిగతా పరీక్షలన్నీ తిరిగినప్పుడు దీన్ని వదిలేసి ముందుకుపోతాయి. చేర్చింది చికిటి అబ్బాయే. తప్పు పట్టలేను. ఫెయిలయ్యే పరీక్ష మధ్యలో ఉంటే రోజూ ఎర్రగా కనబడుతుంది, ఎవరో ఒకరు అడుగుతారు, అతను జవాబు చెప్పుకోవాలి. మూసేసి, అట్టపెట్టెలో పాత చీర ముక్క చుట్టి పెట్టాను. మా ఆయన భువనేశ్వర్ బండిలో తీసుకెళ్ళి ఇచ్చి వచ్చారు.

తర్వాత కొన్ని నెలలు నేను దాని గురించి ఆలోచించలేదని చెప్తే అబద్ధం. నిమిషం అన్నది ప్రోగ్రాములో ఒక అంకె. ఆ అంకె ఎందుకుందో పక్కన రాసి ఉండదు. నేను రాయమని అడగలేదు. రేపు సర్వరు బరువు తగ్గిద్దామని ఎవరైనా దాన్ని పది చెయ్యొచ్చు, గంట చెయ్యొచ్చు, ఇదెందుకూ అని తీసెయ్యొచ్చు. తీసేస్తే ఏ పరీక్షా ఎర్రబడదు. పట్టుకునే పరీక్ష ఒక్కటుంది, దాన్ని వదిలెయ్యమని రాసి ఉంది. లాబు సెంటర్ల పేర్లు నాకు గుర్తున్నాయి. మా ఊళ్ళో కూడా ఒకటి తెరిచారు. ఆ వీధిలోంచి వెళ్ళినప్పుడల్లా లోపల బల్లల మీద కూర్చున్న వాళ్ళలో చంటిపిల్లలున్నారేమోనని చూస్తాను.

మొన్న ఉండబట్టలేక అతనికి ఫోన్ చేశాను. వెంటనే ఎత్తాడు, అక్కా అన్నాడు, గొంతులో సంతోషం నిజంగానే ఉంది. అవీ ఇవీ మాట్లాడాక ఆ నిమిషం అలాగే ఉందా అని అడిగాను. ఏ నిమిషం అన్నాడు. చెప్పాను.

"ఓ, అదా. నానిప్పుడు ఆ ప్రాజెక్టు సూడ్డం నేదక్కా. వేరేవోళ్ళకి ఇచ్చీసినారు. ఎవులు సూస్తన్నారో మరి."

"కనుక్కోవటానికి వీలవుతుందా?"

"అడిగి సూస్తాను," అన్నాడు. అడగడని ఇద్దరికీ తెలుసు. "పాప ఎలాగుందక్కా?"

"బాగుంది. నడుస్తోంది," అన్నాను.